వకుళకెలా తెలిసింది?

“చిట్టెమ్మ చావు దగ్గరే మాకో అనుమానం సార్,” అంది నీహారిక, నవల తెరిచి ఒళ్లో పెట్టుకుని.

దేవానందం మాస్టారి గుండెల్లో రాయి పడింది.

హైదరాబాదు నుంచి టీవీవాళ్లు వస్తున్నారని కూతురు బ్లెస్సీ పొద్దుటే చెప్పింది. నిన్న కూడా చెప్పానంది గానీ, ఆయనకు గుర్తులేదు. వకుళ రాసిన డిటెక్టివ్ నవలలంటే ఒకప్పుడు తిరువూరు బస్టాండులో జనం ఎగబడి కొనేవారు. వెనకట్ట మీద ఆవిడ ఫోటో కూడా ఉండేది కాదు. ఆ పన్నెండు నవలల్నీ ఇప్పుడు టీవీ సీరియల్‌గా తీస్తారట.

“తీసుకోనీ. మనింటికెందుకు?” అన్నాడు మాస్టారు.

బ్లెస్సీ అదోలా చూసింది. “వాళ్లతో ఎక్కువ మాట్లాడకు నాన్నా. అడిగినదానికి సరేనను, చాలు.”

ఎందుకందో ఇప్పుడర్థమైంది.

“ఏం అనుమానమమ్మా?”

“మరిది జోజిబాబే హంతకుడని చివర్లో తేలుతుంది కదా. మరి బావి చేంతాడు అతనెప్పుడు కోశాడు? నవలలో ఎక్కడా లేదు.”

ఎందుకుంటుంది? జోజిబాబు కొయ్యలేదు కాబట్టి. మామిడితోట, మిట్టమధ్యాహ్నం, సగం దాకా కోసి వదిలిన చేంతాడు, చిట్టెమ్మ పచ్చంచు చీర, బావిలోంచి ఒకే ఒక్క కేక. అన్నీ మాస్టారి కళ్లకు కట్టినట్టున్నాయి. తను తప్ప అక్కడ ఇంకెవరున్నారు గనక? మరి ఈ వకుళ ఎవరు? ఏ చెట్టు చాటున నక్కి చూసింది? చూసింది చూసినట్టు ఊరుకోక, పుస్తకానికెక్కించి ఊరూరా అమ్మిందే మహాతల్లి!

“జోజిబాబు సంగతి చదివినవాళ్లందరికీ తెలుసు సార్,” అన్నాడు డైరెక్టర్ కార్తీక్. “అందుకే టీవీలో హంతకుణ్ణి మార్చేద్దామని. పక్కింటి మాస్టారైతే ఎలా ఉంటుందంటారు? చూడ్డానికి దేవుడిలాంటి మనిషి. ఎవరూ అనుమానించరు. మీరు ఊఁ అంటేనే లెండి.”

ఊఁ అంటే నేరం ఒప్పుకున్నట్టే. అననంటే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే. మాస్టారు రెండు చేతులూ పంచె కుచ్చిళ్లలో దాచుకున్నాడు.

“రేపు ఎ.కొండూరు వెళ్లి నవలలో ఉన్న ఆ బావి కూడా చూస్తాం,” అన్నాడు కార్తీక్.

బ్లెస్సీ కాఫీలు తెచ్చింది. మాస్టారు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. జైలంటే ఆయనకంత భయం లేదు. ముప్పయ్యేళ్లు సండేస్కూల్లో పిల్లల చేత పది ఆజ్ఞలు వల్లె వేయించిన నోటితో, కన్నకూతురి ముందు ఆ మాట చెప్పాలంటేనే ప్రాణం పోతోంది. కానీ చెప్పకపోతే? చెయ్యని పాపానికి జోజిబాబు జైల్లో మగ్గుతుంటాడే. పెళ్లాం బిడ్డలు ఎలా బతుకుతున్నారో!

“అతన్ని వదిలేయండి బాబూ,” అన్నాడు. “జోజిబాబుకేం తెలియదు. తాడు కోసింది నేను. చిట్టెమ్మను చంపింది నేనే. బ్లెస్సీ, నన్ను క్షమించు తల్లీ.”

టీవీవాళ్లిద్దరూ కొయ్యబారిపోయారు. నవల నీహారిక ఒళ్లోంచి జారి కింద పడింది. బ్లెస్సీ ట్రే పక్కన పెట్టి, తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని, ఆయన రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

“వకుళ నువ్వే నాన్నా!”