పేనంత పెన్‌డ్రైవు

“పెన్ను డ్రైవని పేరెట్టి పేనంత ఇచ్చేవేటమ్మీ?” అన్నాడు భీమారావు, గోరంత నల్లముక్కను అరచేతిలో అటూ ఇటూ దొర్లిస్తూ.

“అన్నిటికంటే సిన్నది కావాలన్నారు కదా మావయ్యా!” అంది రామతులసి. ఆమె నవ్వే స్థితిలో లేదు. స్టూడియో గోడ గడియారం ఒకటీ నలభై చూపిస్తోంది.

నాలుగింటికి కొరాపుట్ ఆఫీసులో ఆమె భర్త సాయిరాం మీద విచారణ ముగుస్తుంది. అక్కడి ఆఫీసు స్టోరులో రాగితీగ చుట్టలు పోయాయి. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి సాయిరామే వాటిని జీపులో పడేస్తుంటే చూశామని కాంట్రాక్టరు మనుషులు ఇద్దరు సాక్ష్యం చెప్పారు. సరిగ్గా ఆ వేళకి సాయిరాం మాచ్‌ఖండ్ కాలనీలో గుమాస్తాగారమ్మాయి పెళ్లిలో పప్పు వడ్డిస్తున్నాడు. ఆ పెళ్లి వీడియో తీసింది రామతులసే. బొమ్మ మూల తేదీ, టైమూ పడి ఉన్నాయి. ఈ సంగతి క్యాసెట్టు మిక్సింగుకి కూర్చున్నాక, ఈ పొద్దున్నే, ఆమె కంటబడింది.

“నోటిమాటలొద్దు. నాలుగులోగా బొమ్మ చూపించు. లేదంటే కాగితం పోలీసులకి పోతుంది” అన్నాడట విచారణాధికారి.

రాత్రి వానకి ఘాట్‌లో కొండ విరిగిపడింది. బస్సుల్లేవు. ఫోను మోగుతోంది కాని, ఇంటర్నెట్టు ఈ కాలనీ మొహం ఇంకా చూడలేదు. సాయిరామే ఫోన్ చేసి ఉపాయం చెప్పాడు. “భీమారావు మావయ్య అక్కడే సిక్కుకుపోనాడు. పోలీసు డిపార్టుమెంటులో సేసి రిటైరయ్యేడు. ఆయన పెద్దబ్బాయి తెస్తాడు. నువ్వు బొమ్మ సిద్ధం సెయ్యి.”

గునుపూరు నుంచి కాపురానికొచ్చి ఏడాదైనా కాలేదు. భీమారావుని చూడటం ఆమెకిదే మొదలు. సీడీ ఇస్తే వద్దన్నాడు. మామూలు పెన్‌డ్రైవు ఇస్తే పెదవి విరిచాడు. కొండ విరిగిన చోట కాంట్రాక్టరు మనుషులు కాపలా ఉండి, కాలినడకన దాటేవాళ్ల సంచులు వెతుకుతున్నారని విన్నది కాబట్టి ఆమెకి కారణం అడగాల్సిన పని లేకపోయింది.

గోరంత ముక్కని కంప్యూటరుకి గుచ్చి, ఇరవై నిమిషాల భోజనాల బొమ్మని ఎక్కించింది. ఎక్కిందని మిషను చెప్పింది. మిషను మాట నమ్మకూడదని ఆమెకి ఈ పనిలో అనుభవం. పీకి, మళ్లీ గుచ్చి, ఆడించింది.

నాలుగో నిమిషంలో సాయిరాం మొహం ఆకుపచ్చ గళ్లుగళ్లుగా ముక్కలై నిలిచిపోయింది.

“ఏటయ్యింది?”

“దొంగ సరుకు మావయ్యా. పైన నాలుగు జీబీ అని రాసేడు. లోపల అంత సోటు లేదు.”

“అయితే పనికిరాదా?”

“పట్టినంత మట్టుకు బాగానే పట్టింది.” ఆమె బొమ్మని వెనక్కి తిప్పింది. “మూడు నిమిషాలే కోస్తాను. మొహం, టైము రెండూ కలిసి కనిపించే ముక్క.”

కోసింది. పెన్‌డ్రైవంతా చెరిపి, కోసింది ఎక్కించింది. పీకింది, గుచ్చింది, చివరిదాకా చూసింది. మళ్లీ పీకింది, గుచ్చింది, చూసింది. రెండుసార్లూ పప్పు గిన్నెతో సాయిరాం వంగాడు, లేచాడు, ఎవరితోనో ఏదో అని నవ్వాడు. మూల పన్నెండూ ముప్పైరెండు.

“వానలో తడిస్తే?” అన్నాడు భీమారావు.

పల్చటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, అంచుల్ని కొవ్వొత్తి సెగ మీద అతికించింది. గ్లాసు నీళ్లలో ముంచి, విప్పి, మళ్లీ ఆడించి చూసింది. ఆడింది. మళ్లీ కొత్త కాగితం చుట్టింది.

“పెద్దబ్బాయి ఏడీ? అన్నం వడ్డిస్తాను. ఎంత దూరం ఎల్లాలో!”

“వద్దొద్దు. కడుపు నిండితే దారిలో కులాసాగా కూకుంటాడు. ఆకలుంటేనే ఇంటిమీద ధ్యాస.”

ఇదేం తండ్రి! అనుకుంది రామతులసి.

“ఘాట్‌లో ఆళ్లు పట్టుకుంటే?”

“ఆళ్లుండేది తోవమీద కదమ్మీ? పెద్దబ్బాయికి తోవతో పనేటి?” ముసలాయన చుట్ట నోట్లో పెట్టుకుని వెలిగించకుండానే తీసేశాడు. “ఆడి పెళ్లాన్ని సూసి నాల్రోజులయ్యింది. ఎక్కడా ఆగడు. అక్కడ మా అమ్మాయి శాంతిప్రియ కాసుకునుంటాది. నా భయమల్లా వానే.”

రెండున్నరకి వాన తెరిపిచ్చింది. భీమారావు పొట్లం అందుకుని గబగబా వరండాలోకి వెళ్లాడు. తడిసిన కిటికీ అద్దంలోంచి ఆయన వీపొక్కటే ఆమెకి కనిపించింది. ఎవరికో బుజ్జగిస్తూ ఏదో చెబుతున్నాడు. కాసేపటికి ఒక్కడే లోపలికొచ్చి, “పోనాడు” అని బల్లమీద కూలబడ్డాడు.

మూడైంది. మళ్లీ చినుకులు మొదలయ్యాయి. మూడున్నరకి శాంతిప్రియ దగ్గర నుంచి ఫోను లేదు. భీమారావు పదిసార్లు గుమ్మం దాకా వెళ్లి ఆకాశం చూసి వచ్చాడు. “పన్నెండేళ్లు పెంచేను ఆణ్ణి” అన్నాడు ఒకసారి, ఎవరూ అడగకుండానే. పరాయివాళ్ల కోసం కొడుకుని కొండల్లోకి తోలిన మనిషి మొహంలోకి చూడటానికి రామతులసికి ధైర్యం చాలలేదు.

నాలుగైంది. నాలుగూ పది.

ఫోను మోగింది.

“తులసీ! సూసేరే! రెండుసార్లు ఏయించుకుని సూసేరు. ఆ సాక్షులిద్దర్నీ కూకోబెట్టి నన్ను ఇంటికెళ్లమన్నారు!”

ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

“పెద్దబ్బాయి సల్లగా సేరేడా?”

“తడిసి ముద్దయ్యేడు గాని బాగున్నాడు. శాంతిప్రియతోటి ఇక్కడికే వచ్చేడు.”

“ఒక్కసారి ఫోను ఆయనకియ్యి. ఆ మారాజుతో నేనొక మాట మాటాడాల.”

అవతల సాయిరాం పడీపడీ నవ్వాడు.

“పావురం ఫోన్లో ఏటి మాటాడతాదే?”