ఎవరైనా అడిగితే

"నేను నీకేమవుతానే?"

"పిన్ని."

"గొణక్కు. గట్టిగా చెప్పు."

"పిన్నివి."

పిల్ల స్టూలెక్కి గిన్నెలు తోముతూనే అప్పజెప్పింది. స్టూలు లేకపోతే సింకు అందదు. ఇళ్లల్లో పనిచేసే పిల్లల కోసం తిరిగే అధికారుల జీపు వీధి చివరికి వచ్చిందని వాచ్‌మన్ ఫోన్ చేసిన దగ్గర్నుంచి ఇదే పాఠం.

ఆ మాట పిల్ల నోటికి తిరగడం లేదు. వచ్చిన కొత్తలో నలుగురి ముందు అలా పిలిచినందుకే మూతి మీద గరిటె పడింది. అప్పట్నుంచి ఆవిడ అమ్మగారు. ఏడాది చిన్నవాడైనా ఆవిడ కొడుకు బాబుగారు.

"నోరు జారావో, పట్టుకుపోతారు. నేను తప్ప నీకింకో దిక్కు లేదు, గుర్తుపెట్టుకో."

అమ్మగారు స్టూలు అటక మీదికి తోసి, పక్కింట్లో అడిగి తెచ్చిన గౌను పిల్లకి తొడిగింది. పొడుగు చేతులది. కాలిన మచ్చలు కనపడవు.

పిల్లకి భయం వేయలేదు. ఈ మధ్య ఏదీ వేయడం లేదు.

అధికారిణి వచ్చింది. వెంట ఓ కానిస్టేబుల్. అమ్మగారు పిల్లని సోఫాలో తన పక్కనే కూర్చోబెట్టుకుంది. రోజూ దులిపేదే అయినా అది ఇంత మెత్తన అని పిల్లకి తెలీదు.

"ఈవిడ నీకేమవుతుందమ్మా?"

"పిన్ని."

"ముక్కు చూడండి మేడం, అచ్చం మా ముక్కే," అంది అమ్మగారు.

"ఈ వీధినిండా పిన్నులే మేడం," అన్నాడు కానిస్టేబుల్.

అధికారిణి నవ్వలేదు. "కాసిని మంచినీళ్లిస్తారా?" అంది.

పిల్ల చటుక్కున లేచింది. వంటింటి గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ ఆగింది.

"గాజు గ్లాసులోనా, స్టీలు గ్లాసులోనా అమ్మగారూ?"

అధికారిణి లేచి వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఒట్టు మేడం, మా పిల్లే," అంటూ అమ్మగారు లిఫ్టు దాకా వెంటపడింది. ఎవరూ వినలేదు.

జీపులో కూర్చున్నాక అధికారిణి పిల్ల తల నిమిరింది.

"గౌను పక్కింటివాళ్లది. ఇచ్చెయ్యాలి," అంది పిల్ల.

"ఇచ్చేద్దాంలే. ముందు నిన్ను మీ వాళ్ల దగ్గరికి చేరుస్తాం. అమ్మ ఎక్కడుంది?"

"చచ్చిపోయింది."

"నాన్న?"

"నేను చూళ్లేదు."

"మరి అమ్మ తరఫున ఎవరూ లేరా తల్లీ?"

"అమ్మకి చెల్లెలుంది. ఒక్కతే."

అధికారిణి ఊపిరి పీల్చుకుంది. "సరే, ఆవిడకే అప్పజెబుతాం. ఇల్లు చూపించగలవా?"

పిల్ల వెనక్కి తిరిగి, పొద్దున తను ఆరేసిన తువ్వాళ్లు వేలాడుతున్న బాల్కనీ వైపు వేలు చూపించింది.