ఇంకొక్క చుట్టు

"ఆ గది తాళం ఎవరి దగ్గరుంది?"

బాలింత గొంతు నడవా అంతా వినబడింది.

నర్సు నోటితో చెప్పలేదు, కళ్ళతో చూపించింది. నడవా చివర బెంచీ మీద, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నెరిసిన జుట్టు ఆవిడను.

బాలింత కొడుకు అద్దాల గదిలో ఉన్నాడు. నెలలు నిండకుండా పుట్టాడు, గుప్పెడంత లేడు. మందు చుక్కచుక్కగా ఎక్కుతూనే ఉండాలి. పసివాళ్ళు ముగ్గురు, మందు ఎక్కించే పాత పంపు ఒక్కటే. ఒకరికి తీసి ఇంకొకరికి పెడుతున్నారు. కొత్త పంపులేమో వచ్చి, తాళం వేసిన గదిలో అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

"మేడమ్‌గారూ! మిషన్లు ఆపింది మీరేనట?"

"ఆపలేదు తల్లీ. పంపుల్లో ప్రోగ్రాము సరిగ్గా ఉందో లేదో చూసేది నేనే, ఆ పరీక్ష ఇంకా అవలేదు."

"తెర మీద అంకెలు చూస్తూ కూర్చోడమా పరీక్షంటే? అవతల నా పిల్లాడి ప్రాణం కొట్టుకుంటోంది!"

ఆవిడ తలెత్తలేదు. వేళ్ళు మాత్రం ఆగాయి.

"పంపు లోపలి ప్రోగ్రామును గదులున్న ఇల్లనుకో. ఒక్కో గదిలో మందు ఎంత దాకా పోగలదో లెక్క కడతాను. ఒక గదిలో లెక్క మారిందా, అక్కడి నుంచి దారి ఉన్న గదులన్నీ మళ్ళీ చూడాలి. ఆ దారి తిరిగి మొదటి గదికొస్తే, మళ్ళీ మొదటికే. ఏ గదిలోనూ ఏదీ మారని చుట్టు వచ్చేదాకా తిరగాలి."

"బాగుంది. మావాడు బడికెళ్ళే దాకా తిరగండి!"

పంపులు చేసిన కంపెనీ మేనేజరు, డాక్టరమ్మ కలిసి వచ్చారు. మేనేజరు చెమటలు కక్కుతున్నాడు.

"మందు బయటికొచ్చే గది పోయిన చుట్టులో మారలేదుగా? ఇంకేం కావాలండీ?"

"ఒక గది ఊరుకుంటే ఇల్లంతా ఊరుకున్నట్టు కాదు సార్. వెనక గది ఇంకా కదులుతోంది. దాని మాట ఇక్కడిదాకా రావాలి."

డాక్టరమ్మ మెల్లగా అంది. "మీరు సరేనంటే ఇప్పుడే పెట్టించేస్తాను. ఎవరికి ముందు కావాలో మీకు తెలియంది కాదు."

తన కొడుక్కే కాబోలు అనుకుంది బాలింత.

ఆవిడ అద్దాల గది వైపు ఒక్క క్షణం చూసి, కళ్ళు తిప్పుకుంది.

"ఇంకొక్క చుట్టు."

తెర ఎర్రబడింది.

"ఏమైంది?" బాలింత ఉలిక్కిపడింది.

"లెక్క పెరుగుతూనే పోతోంది. ఇలాంటప్పుడు ఇక హద్దు లేదని ఒక్క గెంతు గెంతేస్తాను. గెంతు కదా, ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. అందుకని మెల్లగా వెనక్కి తగ్గించుకుంటూ రావాలి."

"గౌను వదులుగా కత్తిరించి, తర్వాత కుట్లేసి బిగించినట్టా?" అంది బాలింత.

"అచ్చం అంతే."

"అయితే ఆ ఎరుపు మీ గెంతు పుణ్యమే!" మేనేజరు అందుకున్నాడు. "ఉత్త భయం. కొట్టెయ్యండి."

ఆవిడ కొట్టెయ్యలేదు. ఒక్కో గదీ వెనక్కి దిగుతూ వచ్చింది. ఒక్కటి మాత్రం దిగలేదు. ఎన్ని చుట్లు తిరిగినా అక్కడ ఎరుపు ఎరుపే.

"కరెంటు పోయి వచ్చినప్పుడు నడిచే గది ఇది," అంది ఆవిడ. " ఒకసారి తీగ పీకి పెట్టి చూడండి."

ఆవిడ మాట తప్పు అని రుజువు చేద్దామని మేనేజరు తాళం గదిలోంచి ఒక పెట్టె తెప్పించి తెరిచాడు. మందు బదులు నీళ్ళు పోశాడు. చిన్న గాజు గిన్నె కింద పెట్టి, తీగ పీకాడు, పెట్టాడు, మళ్ళీ పీకాడు.

పీకి పెట్టిన ప్రతిసారీ పంపు అప్పటిదాకా ఎక్కించింది మర్చిపోయి, మొత్తం మళ్ళీ మొదలుపెట్టింది.

గిన్నె పొంగి, నీళ్ళు బల్ల మీది నుంచి నేల మీదికి కారాయి.

కంపెనీవాళ్ళు ప్రోగ్రాము సరిచేసి పంపేసరికి పొద్దు గుంకింది. మళ్ళీ మొదటి గది నుంచి చుట్లు.

తెల్లవారుజామున అద్దాల గదిలో ముగ్గురిలో ఒక పాప పోయింది. ఆ తల్లి పై అంతస్తులో మంచం దిగలేని స్థితిలో ఉందట.

బాలింత తన కొడుకు పాదం గట్టిగా పట్టుకుంది. తర్వాత ఆ భయమంతా కోపమైంది. విసవిసా బెంచీ దగ్గరికి నడిచింది.

"ఒక పాప పోయింది, తెలుసా? ఇంకా చుట్లేనా? మనిషేనా మీరు? రాయి!"

ఆవిడ అరచేత్తో మొహం తుడుచుకుంది. మళ్ళీ తెర వైపు తిరిగింది.

"ఇంకొక్క చుట్టు తల్లీ."

ఎండెక్కేసరికి ఇల్లంతా ఊరుకుంది. ఏ గదిలోనూ ఏదీ మారలేదు, ఎక్కడా ఎరుపు లేదు. ఆవిడ తాళంచెవి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

కొత్త పంపు బాలింత కొడుక్కి పెట్టారు.

మధ్యాహ్నం టప్పున కరెంటు పోయింది. బాలింత పంపు మీదికి వంగింది.

కరెంటు వచ్చింది. పంపు ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే అందుకుంది. చుక్క. ఇంకో చుక్క.

బాలింత ఒక్క ఉదుటున నడవాలోకి పరుగెత్తింది. బెంచీ ఖాళీగా ఉంది.

"సిస్టర్! ఆవిడేరి? కాళ్ళ మీద పడాలి నేను."

"ఇప్పుడే పాపను తీసుకుని వెళ్ళిపోయిందమ్మా."

"పాపేంటి? ఏ పాప?"

నర్సు గొంతు తగ్గించింది.

"తెల్లవారుజామున పోయిన పాప ఆవిడ మనవరాలే, ఆ కబురు నేనే వెళ్ళి చెప్పాను, అయినా ఆఖరి చుట్టు అయ్యేదాకా అక్కణ్ణుంచి లేవలేదు."