దండెం కట్టిన కడీ

"నలుగురు మోసే రాతికడీని ఒక్కణ్ణే మోసుకొచ్చి పాతిన. పైన పోయే విమానం గూడ ఆగి చూసింది!" అన్నాడు ఈశ్వరయ్య.

"నీ కోతలు నువ్వూ!" రుక్కమ్మ నవ్వి, ఆయన పాత అంగీతో కుట్టిన క్లిప్పుల సంచిని ఆ రాతి స్తంభానికి కట్టిన దండెం తీగకు తగిలించింది. తడి చీరలు ఆరేయసాగింది.

ఇంటి వెనక నుంచి కోడలు సంతోషి పరుగున వచ్చింది.

"మామా, గిసొంటి కడీలే వంటింటెనక గూడ ఎవరో పాతిండ్రు! ఎర్రరంగుతోని ప్లాటు నంబర్లేసిండ్రు. మన ఇల్లు నడుమల పడ్డది."

ఆరేసిన చీర చాటునున్న కడీ వెనకవైపు రుక్కమ్మ తడిమింది. వేళ్లకు ఎర్రరంగు అంటింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. ఇది నువ్వే పాతినవా?"

ఈశ్వరయ్య నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"పొద్దుగాల లేచేసరికే ఉండె. దండేనికి మంచిగున్నదని నువ్వు సంబురపడితివి. ఇగ నేనే పాతిన్నని కల్పించిన."