లోరెదానా గొంతు

పేపరులో విమర్శకుడు లోరెదానాని మళ్లీ ఆకాశానికెత్తేశాడు.

బోర్గోసెక్కోలో ఉన్నది ఒకే ఒపెరా హాలు. దాని ఎదురుగా గ్వాల్తియేరో కాఫీ కొట్టు. పొద్దున్నే పేపరు పైకి చదవకపోతే అతనికి తిన్నది అరగదు. చదివాడు. లోరెదానా మెజ్జో సొప్రానో, అంటే ఆడగొంతుల్లో కాస్త మందంగా, చిక్కగా పలికే రకం. అలాంటి గొంతు పార్మా చుట్టుపక్కల విని ఏళ్లయిందట. ముదురు తేనెలా జారిందట. రెండో అంకంలో ఏడుపు పాటకి ఆ విమర్శకుడంతటివాడు జేబురుమాలు వెతుక్కున్నాడట.

మూల బల్ల దగ్గర నెరీనా వేడిపాలలో తేనె కలుపుకుంటోంది. చెంచా కప్పుకి ఠంగున తగిలింది.

“ఏం నెరీనక్కా, లోరెదానాని పొగిడితే నీ పాలు విరిగిపోతున్నాయా?” అన్నాడు గ్వాల్తియేరో.

“నీ కాఫీని ఎవరూ పొగిడిన పాపాన పోలేదుగా. నీకేం తెలుస్తుందిలే,” అంది నెరీనా.

కొట్టంతా నవ్వింది. నెరీనా నవ్వలేదు.

ఇద్దరూ ఒకే మాస్టారి దగ్గర పాట నేర్చుకున్నారు. లోరెదానా పొడుగ్గా, పటంలో బొమ్మలా ఉంటుంది. నెరీనా పొట్టిగా, ద్రాక్షసారా పీపాలా ఉంటుంది. ఎవరు స్టేజీ మధ్యకి వెళ్లారో, ఎవరు తెర పక్కన మిగిలారో వేరే చెప్పాలా? ఊళ్లోవాళ్లకి తెలిసినంతవరకూ నెరీనా అంటే లోరెదానా బట్టలు సర్దే మనిషి. ప్రతి ఆటకీ నల్ల గౌను వేసుకుని తెర పక్కన చీకట్లో నిలబడుతుంది. పువ్వులన్నీ లోరెదానా కాళ్ల దగ్గర పడతాయి. ఒక్కటి కూడా దారి తప్పి ఇటు రాదు.

ఇంతలో లోరెదానాయే కొట్టులోకి వచ్చింది. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆమె ఐస్‌క్రీం చప్పరిస్తూ వచ్చి పక్కన కూర్చుని, నెరీనా మెడచుట్టూ ఉన్న మఫ్లర్ సర్దింది.

“నువ్వు మాత్రం చల్లటివి ముట్టుకోకు బంగారం. గాలి బాగా లేదు.”

ఆ గారాబం చూసి నెరీనాకి ఒళ్లు మండిపోయింది. సగం పాలు వదిలేసి లేచి, నేరుగా హాలు మేనేజరు పెస్కరోలో దగ్గరికి వెళ్లింది. ఇవాళ ఆఖరి ఆట. నటుల పేర్లు అచ్చువేసే కాగితంలో ఎక్కడో అడుగున, చీమంత అక్షరాలతోనైనా సరే, తన పేరు కూడా వెయ్యమంది. అడగడం ఇది మొదటిసారి కాదు.

“పేరు వేస్తే ఈవిడెవరని జనం అడుగుతారు కదమ్మా. ఏం చెప్పమంటావు? వచ్చే సీజనులో చూద్దాంలే,” అన్నాడు పెస్కరోలో. ప్రతి సీజనులోనూ అదే మాట.

సరే, ఇవాళతో లోరెదానా పని అయిపోవాలి అనుకుంది నెరీనా.

ఆ ఊరి పై గ్యాలరీ సంగతి పాడేవాళ్లందరికీ తెలుసు. మాంసం కొట్టువాళ్లు, దర్జీలు, కుట్టుపని ఆడవాళ్లు, అందరికీ ప్రతి పాటా కంఠతా వచ్చు. ఒక్క స్వరం జారితే చాలు, వాళ్లు పెట్టే ఈలలకి పాడేవాళ్లు ఊరు వదిలి పారిపోవాల్సిందే. బూటులో గాజుపెంకు వెయ్యడం, పౌడరులో మిరియాలు కలపడం లాంటివి చేతగానివాళ్ల పనులు. నెరీనా అనుకున్నదానికి చెయ్యి కూడా కదపనక్కర్లేదు.

ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నానికే హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో పార్మా విమర్శకుడు ఈసారి రెండు జేబురుమాళ్లతో కూర్చున్నాడు. రెండో అంకం వచ్చింది. వయొలిన్లు సన్నగిల్లి ఆగిపోయాయి. గ్యాలరీ మొత్తం ముందుకి వంగింది. ఎర్ర గౌనులో లోరెదానా స్టేజీ అంచుదాకా నడిచి, గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్లు మూసుకుంది.

ఎప్పటిలాగే లోరెదానా నోరు ఇంత పెద్దగా తెరిచింది, తెర పక్కన చీకట్లో నెరీనా తన నోరు మూసుకుంది, లోరెదానా గొంతు ఎవరికీ వినపడలేదు.