కొత్త సైలెన్సర్

గరాజ్ తలుపు పైకెత్తిన చప్పుడుకి ఎదురింటి తలుపు కూడా తెరుచుకుంది.

వంటింటి కిటికీలోంచి చూసిన పుష్పలీల "వచ్చేశాడు" అని గొణుక్కుంది.

ఎదురింటి విల్కిన్స్ ఒంటరి ముసలాయన. ఇంగ్లండ్‌లో స్టీవెనేజ్ అనే ఊళ్ళో ఆ వీధికి వీళ్ళు వచ్చి ఇన్నాళ్ళయినా ఆయన్ని ఒక్కసారీ లోపలికి పిలిచింది లేదు. అయినా ఆమె కొడుకు సాకేత్ స్నోమొబైల్ స్టార్ట్ చేస్తే చాలు, రోడ్డు దాటి వచ్చేస్తాడు.

ముందు స్కీలు, వెనక పట్టా ఉన్న ఆ మంచు బండిని సాకేత్, స్నేహితుడు శశాంక్ కలిసి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఏటా చలికాలంలో ట్రెయిలర్ మీద వేసుకుని స్వీడన్ కొండలకి పోతారు. ఈ ఏడు దానికి కొత్త సైలెన్సర్ బిగించారు. హార్స్‌పవర్ ఎక్కడికో వెళ్ళిపోతుందని అమ్మినవాళ్ళు చెప్పారట.

పవర్ సంగతేమో గానీ, ఆ మోతకి పుష్పలీల వంటింట్లో గిన్నెలు అదిరాయి.

ముసలాయన కౌన్సిల్‌కి కంప్లెయింట్ చేస్తాడని ఆమె మొదట్లో హడలిపోయింది. ఆయన ఆ పని చేయలేదు. బండి దగ్గర తల వంచి కాసేపు విన్నాడు.

"పెరిగింది శబ్దమే బాబూ. బలం కాదు."

పొగ తేలిగ్గా బయటికి పోతే గాలి ఎక్కువగా లోపలికొస్తుందనీ, దానికి తగ్గట్టు పెట్రోలు పెంచకపోతే ఇంజన్ మాడిపోతుందనీ, అదీ చదునులో కాదు, ఎత్తు ఎక్కేటప్పుడనీ చెప్పాడు. పాత సైలెన్సరే పెట్టుకుని వెళ్ళమన్నాడు. వయసులో ఉండగా ఆ కొండల్లోనే కొన్నాళ్ళు పనిచేశాడట.

సాకేత్ తలూపి పంపేశాడు గానీ, సైలెన్సర్ మార్చలేదు.

"పాపం ఆయన లోన్లీ, మమ్. మాట్లాడ్డానికి ఎవరో ఒకరు కావాలి," అన్నాడు లోపలికొచ్చి.

పుష్పలీల గుండెల్లో మాత్రం రాయి పడింది. మాడిపోవడాలూ, ఆగిపోవడాలూ... పిల్లాడి ప్రయాణం ముందు అవేం మాటలు?

బయల్దేరే రోజు పొద్దున్నే ట్రెయిలర్‌కి బొట్టు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. సాకేత్ కారు స్టీరింగ్ ముందు కూర్చున్నాడో లేదో, ఎదురింటి తలుపు తెరుచుకుంది.

ముసలాయన చెయ్యెత్తి, ఆగమన్నట్టుగా ఊపుతూ వస్తున్నాడు.

ఒంటి మనిషి. సరిగ్గా బండికి ఎదురు.

పుష్పలీల చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి, రోడ్డు మధ్యలోనే ఆయన్ని ఆపేసింది. టీ తాగి తీరాల్సిందేనంది. అబ్బాయితో రెండు మాటలు మాట్లాడి వస్తానంటున్నా వినకుండా, చెయ్యి పట్టుకుని పక్క గేట్లోంచి వంటింట్లోకి తీసుకుపోయింది. ఆడమనిషి పట్టుకున్న చెయ్యి విదిలించుకోలేక ఆయన వెళ్ళి కూర్చున్నాడు.

ఆమె అల్లం దంచుతుండగానే వీధిలో ట్రెయిలర్ కదిలిన చప్పుడు వినిపించి, దూరమైపోయింది. అప్పుడు గానీ ఆమె ఊపిరి పీల్చుకోలేదు.

ముసలాయన టీ ముట్టుకోలేదు.

"ఏ కొండకి వెళ్తున్నారు?"

చెప్పింది. ఆ పేరు మళ్ళీ చెప్పించుకున్నాడు. అక్షరం అక్షరం చెప్పించుకున్నాడు. ఎక్కేది ఏ రోజని కూడా అడిగాడు. ఈయనకెందుకీ ఆరాలని విసుక్కుంటూనే అన్నీ చెప్పి సాగనంపింది.

కొండ ఎక్కే రోజు సాయంత్రం సాకేత్ నుంచి ఫోన్ రాలేదు.

ఆమె చేస్తే కలవలేదు. శశాంక్ ఫోనూ అంతే. హాస్పిటల్ డ్యూటీలో ఉన్న భర్త, అక్కడ సిగ్నల్ ఉండదులే అన్నాడు గానీ, కాసేపటికి ఆయనే మళ్ళీ ఫోన్ చేసి అడిగాడు. హాల్లోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి హాల్లోకీ తిరుగుతూ ఆమె పొయ్యి మీది అన్నం మాడ్చేసింది. కిటికీ దగ్గరికి వస్తే, ఎదురింట్లో ముసలాయన ఇటే చూస్తూ నిలబడి ఉన్నాడు.

ఈయన నోటి మాటే తగిలింది అనుకుంది. పరదా లాగేసింది.

తెల్లారాక శశాంక్ ఫోన్ చేశాడు. ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ పట్టేసిందట. మంచు తుఫానులో ఇద్దరూ అక్కడే ఉండిపోయారట. రెస్క్యూ టీమ్ వచ్చి కిందికి దించిందట.

"సాకేత్ పాదం గడ్డకట్టింది ఆంటీ. ఇంకాస్త ఆలస్యమైతే పాదం తీసేయాల్సి వచ్చేదన్నారు."

కట్టు కట్టిన కాలితో సాకేత్ ఇంటికొచ్చాడు.

"ఆయన చెప్పిందే కరెక్ట్ మమ్. ఒకసారి వెళ్ళి చెప్పాలి."

"ముందు కాలు తగ్గనీ," అంది పుష్పలీల. మళ్ళీ ఆయన ఏ మాట అంటాడోనని ఆమె భయం.

కాలు తగ్గకముందే ఎదురింటి ముందు నల్లటి శవవాహనం వచ్చి ఆగింది. నిద్రలోనే పోయాడట. పుష్పలీల పరదా చాటునుంచి దణ్ణం పెట్టుకుంది. ఏ మూలో గుండె తేలికైనట్టనిపిస్తే, అలా అనిపించినందుకు తనకే సిగ్గేసింది.

మర్నాడు స్వీడన్ నుంచి ఫోన్. సాకేత్‌ని కిందికి దించిన రెస్క్యూ మనిషి, కాలు ఎలా ఉందని అడుగుతున్నాడు. పుష్పలీల ఏడుస్తూనే కృతజ్ఞతలు చెప్పింది. ఫోన్లు పనిచేయని చోట, ఎవరూ చెప్పకుండా, అంత కొండలో వీళ్ళు ఎక్కడున్నారో ఎలా తెలిసిందని అడిగింది.

అవతలి మనిషి ఆశ్చర్యపోయాడు.

"చెప్పకపోవడమేమిటమ్మా, పిల్లలు బయల్దేరిన రోజు నుంచీ ఆయన ఫోన్ చేస్తూనే ఉన్నారు, ఆ సాయంత్రం మేం కదిలేదాకా ఫోన్ పెట్టనేలేదు, చదును వదిలేసి ఎత్తు మొదలయ్యే చోట వెతకమన్నదీ ఆయనే కదా... మీ సాకేత్ తాతగారు, మిస్టర్ విల్కిన్స్."