పుణ్యవతి ఇంటి జపమాల

హల్దియాపదర్‌లో పుణ్యవతి ఇంటి జపమాల గురించి తెలియనివాళ్లు లేరు. తెలియకపోతే ఆవిడ ఊరుకోదు. మైకు పెట్టిస్తుంది.

సాయంత్రం ఏడయ్యేసరికి మొగుడు వైకుంఠరావు మోకాళ్ల మీద ఉండాలి. రైల్వేలో రిటైరైన మనిషి, మోకాలి చిప్పలు అరిగిపోయాయి. అయినా సరే. ఆవిడ సగం జపం చెబితే ఆయన మిగతా సగం అందుకోవాలి. ఒక్క అక్షరం జారినా మళ్లీ మొదటికి రావాలి. రోజు మొత్తంలో ఆ ఇద్దరి మధ్యా నడిచే మాటలు అవే.

చివర్లో ఆవిడ మైకు దగ్గరికి జరిగి గొంతు వణికిస్తుంది.

"తల్లీ మరియమ్మా, దారి తప్పిన నా కొడుకు వేణు గొంతు ఒక్కసారి నా సెవిన పడేలా సెయ్యి."

వేణు దారి తప్పలేదు. పగలంతా సెల్‌ఫోన్ షాపులో నిలబడి వచ్చి, కిందటేడాది ఓ సాయంత్రం జపంలో కునికిపాటు పడ్డాడు, అంతే. ఆవిడ వాడి బట్టల సంచి వీధిలోకి విసిరేసింది. "జపమాల పట్టనోడికి నా ఇంట్ల సోటు లేదు" అంది. వాడు సంచి ఏరుకుని వెళ్లిపోయాడు. ఈ ముక్క మాత్రం మైకులో ఎప్పుడూ రాలేదు.

అక్టోబరు వచ్చింది. జపమాల మాసం. గుడిలోని మరియమాత స్వరూపం రోజుకో ఇంటికి వెళుతుంది. ఆ ఇంటివాళ్లంతా కలిసి జపమాల చెప్పాలి. ఏ ఇంటికి వెళ్లాలో మాత సంఘం తేలుస్తుంది. మాత సంఘం అంటే పుణ్యవతి.

వెనక వీధి దానమ్మ ఆవిడ వెంట పడింది. ఆర్యపల్లి నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్ముకునే మనిషి.

"మా ఇంటికి మాతని మీరే తేవాలమ్మా. ఆకరిదాకా మీరే కూకోవాల. ఇంకెవురొచ్చినా నాకొద్దు."

పొగిడితే పుణ్యవతి కరిగిపోతుంది. సరేనంది.

ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టింది. స్వరూపాన్ని స్టూలు మీద ఉంచింది. దానమ్మ మొగుడు జగ్గారావు గోడకి చేరగిలబడి కాళ్లు బారజాపుకున్నాడు. కూతురు రింకి తల్లి ఒళ్లో తల పెట్టుకుంది.

"ఇదేటే దానమ్మా, కూకుని సెప్తారా? మోకాళ్లు ఎవురికైనా అరువిచ్చీసేరా?"

"పొద్దుట్నించీ ఆటో తోలొచ్చేరమ్మా ఆయన. మాత ఏటీ అనుకోదు."

"మాత అనుకోదు. నేననుకుంటాను."

జపం మొదలైంది. జపమాలలో ఐదు భాగాలు, ఒక్కో భాగం ఒక్కొక్కరు నడపాలి. మొదటిది జగ్గారావు నడిపాడు, రెండోది దానమ్మ. మూడోది రింకి. మధ్యలో పిల్లకి నవ్వొచ్చింది. తండ్రి దాని నెత్తి మీద చిన్నగా ఒకటిచ్చి తనూ నవ్వాడు. మళ్లీ అందుకున్నారు. ఇంత సంతోషంగా జపం చెప్పేవాళ్లని పుణ్యవతి ఎక్కడా చూడలేదు. ఒళ్లు మండిపోయింది.

నాలుగోది రాబోతుండగా ఫోన్ మోగింది. దానమ్మ దాన్ని ఎత్తి, స్పీకరు పెట్టి, స్వరూపం పాదాల దగ్గర ఉంచింది. దానమ్మ కొడుకు సంతోష్ సూరత్‌లో మగ్గాల మిల్లులో పనిచేస్తాడని వీధిలో అందరికీ తెలుసు.

"నాలుగోది రోజూ సూరత్ నుంచే వొస్తాదమ్మా" అంది దానమ్మ, పుణ్యవతి మొహంలోకి చూస్తూ.

ముందు మిల్లు మోత వినిపించింది. దాని అడుగునుంచి ఓ గొంతు.

"దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము..."

తడబడింది. ఆగింది. మళ్లీ మొదలెట్టింది. ముగ్గురూ జవాబు చెప్పారు. చెప్పి, ముగ్గురూ పుణ్యవతి వైపే చూశారు.

చూడరా మరి! ఇంత తప్పులతడక జపం వినిపించి, సంఘం పెద్ద ఏమంటుందోనని భయం ఉండదూ? అనుకుంది ఆవిడ.

"ఆపండి!" అని లేచింది. "ఫోన్ల జపమేటే? మాతంటే ఆటలా? నోట్ల ముద్దెట్టుకున్నట్టు ఆ గొంతేటి? వందనము అన్న మాట కూడా తిన్నగా పలకలేడు. ఇలాటోడ్ని కన్న తల్లి సిగ్గుతో సావాల!"

ఫోన్‌లో గొంతు ఆగిపోయింది. మోత ఒక్కటే మిగిలింది.

"అలగనీకండమ్మా!" దానమ్మ ఆవిడ కాళ్లు పట్టేసుకుంది. "ఇంకొక్క జపం ఇనండి. మీ కాళ్లు మొక్కుతాను, ఒక్కటే ఒక్కటి."

పుణ్యవతి వంగి ఫోన్ కట్ చేసింది. స్వరూపాన్ని చంకనెత్తుకుంది.

"మాత ఈ ఇంట్ల ఉండదు."

జగ్గారావు కాళ్లు ముడుచుకుని తల దించుకున్నాడు. రింకి ఏడుపు మొదలెట్టింది. పుణ్యవతి గడప దాటుతుండగా వెనకనుంచి దానమ్మ గొంతు వినిపించింది.

"అది మా సంతోష్ కాదమ్మా, ఆడి మిల్లులోనే పనికి సేరి, 'అమ్మ నా గొంతు పోల్చుకుంటే రేపే రైలెక్కీసి ఇంటికొచ్చెత్తాను' అన్న మీ వేణు."